కత్తి అమ్మోనీయులది, హత్య దావీదుది

చేతికి రక్తం అంటకుండా చంపించడం రాజ్యాధికారం ఏనాడో నేర్చిన విద్య. కిరాయి మూకలు, మిత్రసేనలు, అనుబంధ సంఘాలు, ‘అదుపు తప్పిన’ గుంపులు... పేరేదైనా పని ఒకటే. పని పూర్తయ్యాక రెండు మాటలు వినబడతాయి. చంపినవాడు ‘పైనుంచి చెప్పారు’ అంటాడు. పైనున్నవాడు ‘చేసింది మావాళ్ళు కాదు’ అంటాడు. ఈ రెండు మాటల నడుమ ఉన్న సందులోంచి బాధ్యత జారిపోతుంది. శవాలు మాత్రం మిగులుతాయి.

ఆ సందును మూయడానికి పట్టుదలగా ప్రయత్నించిన న్యాయ సంప్రదాయాల్లో యూదు ధర్మశాస్త్రం ఒకటి. ఆ సంప్రదాయాన్నే ఉటంకిస్తూ 1983లో ఒక విచారణ సంఘం ఇజ్రాయెల్ రక్షణ మంత్రి ఆ పదవికి తగడని తేల్చింది. ఆ నిర్ణయాన్ని అదే దేశపు రాజకీయం ఎంత సునాయాసంగా నీరుగార్చిందో కూడా లోకం చూసింది. శిక్ష పడకపోవడాన్ని నిర్దోషిత్వంగా చెలామణీ చేయడం నేటి రాజకీయాల్లో అన్నిటికంటే పెద్ద మోసం. ఆ రెండూ ఒకటి కావని తాల్ముద్ పండితులు కనీసం పదిహేను వందల ఏళ్ళ కిందటే చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, ఎందుకు కావో వాదించి నిలబెట్టారు.

పాపానికి దూత లేడు

యూదు న్యాయంలో ప్రతినిధికి పెద్ద స్థానమే ఉంది. ఒక మనిషి పంపిన దూత ఆ మనిషితో సమానం. దూత ద్వారా వివాహబంధం ఏర్పరచుకోవచ్చు, విడాకుల పత్రం పంపవచ్చు, ఆస్తి కొనవచ్చు, అమ్మవచ్చు. దూత చేసినది పంపినవాడు చేసినట్టే లెక్క. అయితే బాబిలోనియన్ తాల్ముద్‌లోని కిద్దుషిన్ గ్రంథం ఈ నియమానికి ఒక గట్టి మినహాయింపు పెట్టింది. పాపకార్యానికి దూత లేడు. హీబ్రూలో ‘ఏన్ షలియహ్ లిద్వార్ అవేరా’. ‘వెళ్ళి ఫలానావాణ్ణి చంపు’ అని ఒకడు చెబితే, మరొకడు వెళ్ళి చంపితే, హంతకుడిగా న్యాయస్థానం శిక్షించవలసింది చంపినవాణ్ణే.

పైపైన చదివినవారికి ఇది పంపినవాడికి దొరికిన రక్షాకవచంలా కనిపిస్తుంది. అధికారంలో ఉన్నవారికి అలా చదవడమే ఇష్టం. కానీ తాల్ముద్ ఆ నియమానికి చెప్పిన కారణాన్ని చూడాలి. గురువు ఒకటి చెప్పి, శిష్యుడు మరొకటి చెబితే ఎవరి మాట వినాలి? ఇక్కడ గురువు అంటే దేవుడు, శిష్యుడు అంటే ఆజ్ఞ ఇచ్చిన మనిషి. చంపవద్దన్న దైవాజ్ఞ ఎదురుగా ఉండగా, చంపమన్న మనిషి మాట విన్నానని ఎవడూ తప్పించుకోలేడు. అంటే ఈ నియమం పుట్టింది చేసినవాడి సాకును కొట్టివేయడానికి. కత్తి పట్టిన ప్రతివాడూ తాను ఒకరి చేతి పనిముట్టు మాత్రమే కానని, వివేకం ఉన్న మనిషినని ఒప్పుకోవలసిందేనని దాని సారాంశం. పంపినవాడు పవిత్రుడని అందులో ఒక్క మాట కూడా లేదు.

ఉండదు కూడా. సన్‌హెద్రిన్ గ్రంథంలో ఇదే వాదన మరోచోట, మరో పాత్ర విషయంలో కనిపిస్తుంది. ఆ పాత్ర ఏదెను తోటలోని సర్పం. గురువు మాట వినక నా మాట ఎందుకు విన్నారని సర్పం అడిగి ఉండవచ్చు. న్యాయపరంగా అది బలమైన వాదనే. కానీ సర్పం అడగలేదు, దాని తరఫున దేవుడూ అడగలేదు. ప్రజలను విగ్రహారాధన వైపు పురికొల్పే ప్రేరేపకుడి తరఫున న్యాయస్థానం తానుగా సాకులు వెదకరాదన్న సూత్రానికి తాల్ముద్ ఈ ఘట్టాన్నే ఆధారం చేసుకుంది. వాదన చేతిలో ఉన్నంత మాత్రాన ప్రేరేపకుడికి విడుదల దొరకదు.

రాజుల కథలు

ఈ విషయంలో యూదు గ్రంథాలు ఉదాహరణల కోసం దూరం వెళ్ళలేదు. తమ రాజుల్లోకెల్లా గొప్పవాడినే బోనులో నిలబెట్టాయి. ఊరియా భార్య బత్షెబను కోరుకున్న దావీదు, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలిపి, పక్కనున్నవారు వెనక్కి తగ్గాలని సేనాపతి యోవాబుకు లేఖ రాశాడు. ఆ లేఖను ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఊరియా అమ్మోనీయుల చేతిలో చనిపోయాడు. సాక్ష్యం లేదు, ఆయుధం రాజుది కాదు, శత్రువు బాణాలు ఎవరి మాటా వినవు. అయినా నాతాను ప్రవక్త వచ్చి, అమ్మోనీయుల కత్తితో ఊరియాను చంపినది నీవేనని రాజు ముఖం మీద చెప్పాడు.

అహాబు కథ ఇంకా నేటి కాలానికి దగ్గరగా ఉంటుంది. నాబోతు తన పూర్వీకుల ద్రాక్షతోటను రాజుకు ఇవ్వనన్నాడు. రాణి యెజెబెలు రాజముద్ర వేసి ఊరి పెద్దలకు లేఖలు పంపింది. పెద్దలు దొంగసాక్షులను కుదిర్చారు. విచారణ జరిగింది, తీర్పు వచ్చింది, నాబోతును రాళ్ళతో కొట్టి చంపారు. ప్రతి అడుగులోనూ ‘పద్ధతి’ పాటించారు. అహాబు ఒక్క లేఖ కూడా రాయలేదు, తోటను స్వాధీనం చేసుకోవడానికి నడిచి వెళ్ళాడంతే. ఏలీయా ప్రవక్త ఆ తోటలోనే అతణ్ణి అడ్డగించి, హత్య చేసి ఆస్తి కూడా కాజేస్తావా అని నిలదీశాడు. లాభం ఎవరిదో చూసి నేరం ఎవరిదో చెప్పాడు.

దావీదు కథను పట్టుకునే ప్రాచీన పండితుడు షమ్మాయి, హగ్గయి ప్రవక్త పేరిట వచ్చిన సంప్రదాయంగా, హత్యకు పంపినవాడే బాధ్యుడని వాదించాడు. అధిక సంఖ్యాకులు ఒప్పుకోలేదు. కానీ ఒప్పుకోనివారి అభిప్రాయం ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు తాల్ముద్ వెలిబుచ్చిన వివరణ ఈ చర్చకంతటికీ కీలకం. పంపినవాడికి దైవ న్యాయస్థానంలో శిక్ష ఉందన్న విషయంలో ఇరుపక్షాలకూ తేడా లేదు, ఆ శిక్ష పెద్దదా చిన్నదా అన్నదే తేడా అన్నది ఆ వివరణ. దోషమే లేదన్న పక్షం అక్కడ లేదు.

మనుషుల న్యాయం, దైవ న్యాయం

పన్నెండో శతాబ్దిలో మైమోనిడీస్ ఈ చర్చను శాసన రూపంలో క్రోడీకరించాడు. హంతకుణ్ణి కిరాయికి తెచ్చుకున్నవాడు, చంపమని సేవకులను పంపినవాడు, మనిషిని కట్టేసి సింహం ముందు వదిలినవాడు, వీరందరూ రక్తం చిందించినవారేనని, హత్యాపాపం వారి చేతుల్లోనే ఉందని, వారు దైవం చేతిలో మరణానికి అర్హులని అన్నాడు. న్యాయస్థానం మాత్రం వారికి మరణశిక్ష వేయలేదు. అక్కడితో ఆగిపోలేదు. లోకక్షేమం కోసం అటువంటివారిని రాజు శిక్షించవచ్చు. రాజు శిక్షించకపోతే న్యాయస్థానమే వారిని కఠినంగా కొట్టించి, ఏళ్ళ తరబడి చెరలో ఉంచాలి. ఇతర దుర్మార్గులు ‘అలా చేసి తప్పించుకోవచ్చు’ అనుకోకుండా ఉండడానికే ఈ ఏర్పాటు.

ఈ అంచెల వెనుక ఉన్న వివేకాన్ని గమనించాలి. మరణశిక్ష విధించే న్యాయస్థానానికి రుజువు విషయంలో పట్టింపు ఉండాలి. ప్రత్యక్ష హస్తాన్ని దాటి శిక్షను విస్తరిస్తే అమాయకులు బలైపోతారు. అందుకే తాల్ముద్ న్యాయస్థానం చేతులు కట్టింది. కానీ న్యాయస్థానం చేతులు కట్టినంత మాత్రాన సమాజం కళ్ళకు గంతలు కట్టలేదు. ‘మనుషుల న్యాయంలో మినహాయింపు, దైవ న్యాయంలో బాధ్యత’ అన్న ఒక ప్రత్యేక వర్గాన్నే సృష్టించింది. పక్కవాడి పశువుల దొడ్డి గోడ పడగొట్టి పశువులు తప్పిపోయేలా చేసినవాడు, పక్కవాడి పైరును మంట తగిలేలా వంచినవాడు, దొంగసాక్షులను కుదిర్చినవాడు, సాక్ష్యం తెలిసీ నోరు విప్పనివాడు, అందరూ ఈ వర్గంలోకే వస్తారు. నష్టపరిహారం రాబట్టలేని చోట కూడా నేరం పేరు మార్చలేదు.

నిప్పు గురించిన చర్చ మరీ సూటిగా ఉంటుంది. మతిస్థిమితం లేనివాడి చేతనో, పసివాడి చేతనో నిప్పు పంపించి పక్కవాడి పొలం తగలబెట్టిస్తే పంపినవాడికి దైవ న్యాయంలో బాధ్యత ఉంది. అయితే ఏమిచ్చి పంపాడు? నివురు కప్పిన నిప్పుకణిక ఇస్తే దాన్ని ఊదినవాడు వేరు గనుక మనుషుల న్యాయంలో మినహాయింపు అని, మండే జ్వాల ఇస్తే ప్రమాదం కళ్ళముందే ఉంది గనుక మినహాయింపు లేదని ఒక పండితుడు అన్నాడు. జ్వాలతో పాటు కట్టెలూ అందిస్తేనే న్యాయస్థానం పట్టుకోగలదని మరొకరు అన్నారు. గీత ఎక్కడ గీయాలన్నదే వాదం. ‘నేను ముట్టించలేదు’ అన్న మాటతో చర్చ ముగిసిందని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

గుడ్డివాడి ముందు అడ్డు పెట్టరాదన్న లేవీయకాండపు ఆజ్ఞను కూడా పండితులు ఈ దిశలోనే విస్తరించారు. మద్యం ముట్టనని వ్రతం పట్టినవాడికి ద్రాక్షసారా గిన్నె అందించరాదు. ముఖ్యంగా నదికి ఆవలి ఒడ్డున ఉండి, మరొకరు అందించనిదే అందుకోలేనివాడికి అందించడం స్పష్టమైన నేరం. నెత్తురు చిందించేవారికి ఆయుధాలు అమ్మరాదన్న నిషేధం కూడా ఈ సంప్రదాయంలో ఉంది. తనకు అందనిది మరొకరు అందించడం వల్లనే నేరం సాధ్యమైతే, అందించినవాడు వర్తకుణ్ణేనని చెప్పి బయటపడలేడు.

ఆజ్ఞను ధిక్కరించి తప్పుకున్నవారిని కూడా ఈ గ్రంథాలు అంత సులభంగా వదలలేదు. సౌలు రాజు నోబు యాజకులను చంపమన్నప్పుడు అతని భటులు చేయి ఎత్తలేదు. దోయేగు అనేవాడు ముందుకు వచ్చి 85 మందిని నరికాడు. సేనాపతి అబ్నేరు ఆ పనిలో పాల్గొనలేదు. అయినా అతనికి తర్వాత అకాలమరణం ఎందుకు వచ్చిందని తాల్ముద్ అడిగింది. రాజును అడ్డుకునే స్థాయిలో ఉండి అడ్డుకోలేదు గనుక అని ఒక పండితుడు జవాబిచ్చాడు. అడ్డుకున్నాడు గాని రాజు వినలేదని మరొకరు సమర్థించారు. చంపకపోవడం సరిపోయిందా అన్న ప్రశ్న సేనాపతికి వర్తిస్తుందని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఒక నాణెం, ఒక ఉరితాడు

ఇజ్రాయెల్ లౌకిక చట్టాలతో నడిచే దేశం. దాని ప్రభుత్వం చేసే పనులకు ప్రపంచంలోని యూదులను జవాబుదారులను చేయడం అన్యాయం, ఆ ప్రభుత్వాన్ని విమర్శించడానికి యూదు మతాన్ని నిందించడం అంతకంటే అన్యాయం. అయితే ఆ దేశపు న్యాయమూర్తులే ఈ ప్రశ్నను మూడుసార్లు ఎదుర్కొన్నారు. మూడు జవాబులు మూడు రకాలుగా వచ్చాయి.

1956 అక్టోబర్ 29న, సినాయి యుద్ధం మొదలైన రోజున, కఫర్ కాసిం గ్రామంలో కర్ఫ్యూ వేళను ఉన్నట్టుండి ముందుకు జరిపారు. ఆ సంగతి తెలియక పొలాల నుంచి, పనుల నుంచి ఇళ్ళకు తిరిగి వస్తున్న అరబ్బు పౌరులను సరిహద్దు పోలీసులు కాల్చి చంపారు. దాదాపు 50 మంది చనిపోయారు. మృతుల్లో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. 1958లో న్యాయమూర్తి బెంజమిన్ హలేవి నల్లజెండా ఎగిరినంత స్పష్టంగా అక్రమమైన ఆజ్ఞను పాటించరాదని తీర్పు చెప్పారు. గురువు మాటా శిష్యుడి మాటా అన్న పాత ప్రశ్నకు అది ఆధునిక రూపం. కాల్చినవారికి జైలుశిక్షలు పడ్డాయి, కొన్నేళ్ళకే అందరూ విడుదలయ్యారు. కర్ఫ్యూ ఆజ్ఞ ఇచ్చిన బ్రిగేడ్ అధిపతి ఇస్సాఖర్ షాద్మీకి పడిన జరిమానా పది ప్రుతోత్, అంటే ఒక చిల్లర నాణెం. నియమంలోని మొదటి సగం ఘనంగా అమలైంది. రెండో సగం విలువ ఆ నాణెమంత.

మూడేళ్ళకు అదే హలేవి, మోషే లాండౌ, యిత్జాక్ రవేలతో కలిసి ఐఖ్‌మన్ కేసును విచారించారు. తన చేత్తో ఎవరినీ చంపలేదని, రైళ్ళు ఏర్పాటు చేశానంతేనని ఐఖ్‌మన్ వాదన. 1961 డిసెంబర్‌లో జెరూసలేం న్యాయస్థానం ఆ వాదనను తలకిందులు చేసింది. ఇంత భారీ నేరంలో, మారణాయుధం పట్టిన చేతి నుంచి దూరం జరిగి పై అంచెలకు వెళ్ళేకొద్దీ బాధ్యత సాధారణంగా పెరుగుతుందని చెప్పింది. 1962లో ఐఖ్‌మన్‌ను ఉరితీశారు. శత్రువు విషయంలో దూరం దోషాన్ని పెంచింది. స్వదేశీ సేనాని విషయంలో అదే దూరం దోషాన్ని ఒక నాణేనికి తగ్గించింది. రెండు నేరాల పరిమాణం ఒకటి కాదు, ఉద్దేశం ఒకటి కాదు. సూత్రం మాత్రం ఒకటే కావాలి.

బేరూత్ పాఠం

మూడో సందర్భం 1982లో వచ్చింది. సెప్టెంబర్ 14న లెబనాన్ అధ్యక్షుడిగా ఎన్నికైన బషీర్ జెమాయేల్ హత్యకు గురయ్యాడు. ఇజ్రాయెల్ సైన్యం పశ్చిమ బేరూత్‌లోకి ప్రవేశించింది. సెప్టెంబర్ 16న, జెమాయేల్ అనుచరులైన ఫలాంజిస్టు సాయుధులను సబ్రా, షతీలా పాలస్తీనా శిబిరాల్లోకి పంపారు. పరిసరాలు ఇజ్రాయెల్ సైన్యం అధీనంలో ఉన్నాయి. రాత్రివేళ ఆకాశంలో వెలుగుగుండ్లు పేల్చింది కూడా ఆ సైన్యమే. 18వ తేదీ ఉదయం దాకా హత్యలు సాగాయి. ఇజ్రాయెల్ సైనిక గూఢచార విభాగం అంచనా ప్రకారమే 700 నుంచి 800 మంది చనిపోయారు, ఇతర అంచనాలు అంతకు చాలా ఎక్కువ.

‘అన్యులు అన్యులను చంపితే యూదులను ఉరితీస్తారా’ అన్న ధోరణిలో ప్రధాని మెనాహెం బెగిన్ ప్రభుత్వం మొదట స్పందించింది. టెల్ అవీవ్ వీధుల్లోకి వచ్చిన జనసముద్రం ఆ మాటను ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు అధ్యక్షుడు యిత్జాక్ కహాన్, న్యాయమూర్తి అహరోన్ బరాక్, విశ్రాంత మేజర్ జనరల్ యోనా ఎఫ్రాత్‌లతో విచారణ సంఘం ఏర్పడింది. 1983 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది.

ప్రత్యక్ష బాధ్యత ఫలాంజిస్టులదని, కుట్రలో ఇజ్రాయెల్ సైనికులకు భాగం లేదని సంఘం స్పష్టంగా చెప్పింది. అక్కడితో నివేదిక ముగించి ఉంటే ప్రభుత్వం పండగ చేసుకునేది. కానీ సంఘం ద్వితీయోపదేశకాండం తెరిచింది. పొలంలో ఒక శవం దొరికి, హంతకుడెవరో తెలియకపోతే, దగ్గరి ఊరు ఏదో కొలిచి చూసి, ఆ ఊరి పెద్దలు ఒక పెయ్యను ఏటి లోయకు తీసుకెళ్ళి మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కొని, ఈ రక్తం మేము చిందించలేదని పలకాలి. ఊరి పెద్దలు హంతకులని ఎవరైనా అనుకుంటారా అని మిష్నా ఆశ్చర్యపోయి, తానే జవాబిచ్చింది. బాటసారి వచ్చినప్పుడు అన్నం పెట్టకుండా పంపలేదని, తోడు లేకుండా వదలలేదని వారు చెప్పగలగాలి. తెలుగులో చేతులు కడుక్కోవడం, చేతులు దులుపుకోవడం అన్న రెండు మాటల మధ్య తేడా ఎంతో, ఆ క్రతువుకూ రాజకీయ నాయకుల ఖండన ప్రకటనలకూ తేడా అంత.

యూదులపై మారణకాండలు జరిగినప్పుడల్లా యూదు సమాజం అల్లరిమూకలనే కాక, శాంతిభద్రతలు చేతిలో ఉండీ ఆపని పాలకులను కూడా బాధ్యులుగా పట్టిందని సంఘం గుర్తుచేసింది. ఇతరులను కొలిచిన కొలతతోనే తమనూ కొలుచుకోవాలని దాని అర్థం. నాయకుడి హత్యతో రగిలిపోతున్న సాయుధులను శత్రువుల శిబిరంలోకి పంపితే ప్రతీకారం జరుగుతుందని ఊహించడానికి గూఢచారి నివేదికలు అవసరం లేదు. 16వ తేదీ రాత్రి మంత్రివర్గ సమావేశంలో ఉపప్రధాని డేవిడ్ లెవీ ఆ భయాన్ని వ్యక్తం చేశారు కూడా. ఆ ప్రమాదాన్ని పట్టించుకోని రక్షణ మంత్రి ఆరియెల్ షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని, తగిన నిర్ణయం తనంతట తాను తీసుకోవాలని, లేకపోతే తొలగించే అధికారం ప్రధానికి ఉందని సంఘం తేల్చింది. షరోన్ ఇచ్చింది నివురుగప్పిన నిప్పు కాదు, మండే జ్వాల.

సంఘం ఎవరినీ జైలుకు పంపమనలేదు. మైమోనిడీస్ గీసిన గీతను దాటలేదు. నేరశిక్షకు కావలసిన రుజువు వేరు, అధికారానికి కావలసిన అర్హత వేరు అని మాత్రం చెప్పింది. ప్రజాస్వామ్యంలో ‘దైవ న్యాయస్థానం’ స్థానంలో నిలవగలిగింది ఇదొక్కటే. చట్టం పట్టుకోలేనివాడిని ఉరితీయనక్కరలేదు, గద్దె దించాలి.

ఆ తర్వాత జరిగింది ఈ కథలో అసలు విషాదం. మంత్రివర్గం 16–1 ఓట్లతో నివేదికను ఆమోదించిన ఫిబ్రవరి 10 రాత్రే, జెరూసలేంలో శాంతి ప్రదర్శనపై విసిరిన గ్రెనేడ్‌కు ఎమిల్ గ్రున్స్‌వైగ్ బలయ్యాడు. షరోన్ రక్షణ శాఖను వదిలాడు, మంత్రివర్గాన్ని వదల్లేదు. శాఖ లేని మంత్రిగా కొనసాగాడు. 2001లో ప్రధానమంత్రి అయ్యాడు. లెబనాన్‌లో సంగతి ఇంకా ఘోరం. శిబిరాల్లోకి వెళ్ళిన ఫలాంజిస్టుల్లో ఒక్కరికీ అక్కడ శిక్ష పడలేదు. 1991 క్షమాభిక్ష చట్టం తలుపులు మూసేసింది. ఆ సాయుధులను నడిపిన ఎలీ హొబైకా మంత్రి పదవులు అనుభవించాడు. పంపినవాడు ప్రధాని, చేసినవాడు మంత్రి. తాల్ముద్ మూయాలనుకున్న రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి.

‘పరోక్షం’ అన్న మాట

‘పరోక్ష బాధ్యత’ అన్న పదబంధాన్ని ఆ నాటి నుంచి రాజకీయం ఊరట మాటగా మార్చింది. పరోక్షం అంటే ‘తక్కువ’ అని అర్థం చెప్పింది. ఆ మాటకున్న అర్థం కంటికి కనబడనిది అని మాత్రమే. దావీదు పాత్ర పరోక్షం, అహాబు పాత్ర పరోక్షం.

బాధ్యతను ఇలా పైకి విస్తరిస్తే అసలు హంతకుడి నేరం పలచబడుతుందన్న అభ్యంతరం ఉంది. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన మాట కాదు. సబ్రా, షతీలా గురించి మాట్లాడేవారిలో చాలామంది ఫలాంజిస్టుల పేరు కూడా ఎత్తకపోవడం దీనికి నిదర్శనమే. కానీ ఆ అభ్యంతరానికి జవాబు పాత నియమంలోనే ఉంది. పాపానికి దూత లేడు గనుక చేసినవాడి నేరంలో వీసమెత్తు తగ్గదు. పంపినవాడి నేరం దానిలోంచి కోసి పంచేది కాదు, దానికి తోడయ్యేది. నేరం రొట్టెముక్క కాదు, ఒకరికి ఎక్కువ పెడితే మరొకరికి తగ్గడానికి.

రెండో అభ్యంతరం పాలకుల నుంచి వస్తుంది. ఇలా లెక్కపెడితే ఏ ప్రభుత్వమూ ఏ మిత్రుడితోనూ పని చేయలేదని అంటారు. కహాన్ సంఘం మిత్రులతో పని చేయవద్దనలేదు. ఊహించదగిన ప్రమాదాన్ని ఊహించలేదని చెప్పడం, ఆపగలిగే స్థితిలో ఉండి ఆపకపోవడం, ఈ రెండింటినే తప్పుపట్టింది. ఆ మాత్రం భారం మోయలేని ప్రభుత్వం సైన్యాన్ని ఎలా మోస్తుంది?

నివేదిక వచ్చిన నలభై ఏళ్ళకు, 2023 ఫిబ్రవరి 26న, వెస్ట్ బ్యాంక్‌లోని హవారాలో ఇద్దరు ఇజ్రాయెలీ సోదరులను కాల్చి చంపారు. అది క్షమించరాని హత్య. ఆ రాత్రి వందలాది సెటిలర్లు ఊరి మీద పడి ఇళ్ళు, వాహనాలు తగలబెట్టారు. సమీపంలో ఒక పాలస్తీనీయుడు చనిపోయాడు. ఆ ప్రాంతపు ఇజ్రాయెల్ సైనికాధిపతి యెహుదా ఫుక్స్ దాన్ని ‘పోగ్రోమ్’ అన్నారు. కహాన్ సంఘం యూదుల చరిత్ర నుంచి తీసి చూపించిన మాట అదే. కొద్ది రోజులకు ఆర్థిక మంత్రి బెజలెల్ స్మోత్రిచ్ హవారాను తుడిచిపెట్టాలని, ఆ పని రాజ్యం చేయాలని అన్నారు. విమర్శలు వచ్చాక మాట మార్చుకున్నారు. పదవి పోలేదు. 1983లో పదవికి తగడన్న మాట మంత్రివర్గం దాకా వెళ్ళింది. 2023కు ఆ మాట అనే వ్యవస్థే బలహీనపడింది.

ఇక్కడి లెక్క

కహాన్ నివేదిక వెలువడిన పది రోజులకు, 1983 ఫిబ్రవరి 18న, అస్సాంలోని నెల్లీలో అధికారిక లెక్క ప్రకారమే 1,800 మందికి పైగా చనిపోయారు. విచారణ కమిషన్ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. 1985 అస్సాం ఒప్పందం తర్వాత కేసులు ఉపసంహరించుకున్నారు. ఎవరికీ శిక్ష పడలేదు. మరుసటి ఏడాది ఢిల్లీలో అధికారిక లెక్క ప్రకారం 2,733 మంది సిక్కులు హతులయ్యారు. భారత నేరచట్టంలో ప్రేరేపణ నేరం బ్రిటిష్ కాలం నుంచీ ఉంది, తాల్ముద్ న్యాయస్థానానికి లేని అధికారం ఇక్కడి న్యాయస్థానానికి ఉంది. అయినా సజ్జన్ కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది 2018 డిసెంబర్‌లో, 34 ఏళ్ళ తర్వాత. ఈలోగా ఆయన కాంగ్రెస్ టికెట్ మీద 2004లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

2002 గుజరాత్ హింస వెనుక ఉన్నతస్థాయి కుట్రకు ఆధారాలు లేవన్న దర్యాప్తు బృందం నివేదికను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. కొందరు అధికారుల వైఫల్యం నుంచి కుట్రను ఊహించలేమని చెప్పింది. క్రిమినల్ ప్రశ్నకు అది జవాబు. వైఫల్యానికి పాలన ఏ మూల్యం చెల్లించిందన్నది ఇంకా మిగిలే ఉన్న ప్రశ్న. ఏ పార్టీ అధికారంలో ఉన్నా వాడే నాణెం ఒకటే. ‘కోర్టు వదిలేసింది’ అన్న మాటను ‘తప్పు లేదు’ అన్న మాటగా మార్చి చెలామణీ చేస్తారు. ఓటరు ఆ నాణేన్ని పుచ్చుకున్నంత కాలం టంకశాల మూతపడదు.

నేరాన్ని కోర్టులు తేల్చాలి. గద్దె ఎక్కే అర్హతను తేల్చవలసింది పార్టీలు, శాసనసభలు, ఓటర్లు. రెండో పనిని కూడా కోర్టుల నెత్తిన వేసి ఎదురుచూడడమే అధికారానికి దొరికిన ఆఖరి ఆశ్రయం. విచారణ నివేదిక నిర్ణీత గడువులో సభ ముందుకు రావాలి. అది బాధ్యుడిగా తేల్చినవాడికి, నేరం రుజువైనా కాకపోయినా, మంత్రి పదవి, టికెట్ దక్కకూడదు. కనీసం ఈ రెండు నియమాలు పెట్టుకోలేని పార్టీ మరో పార్టీ కాలపు మృతుల గురించి కన్నీళ్ళు పెట్టుకునే హక్కు కోల్పోతుంది.

పెయ్య మెడ విరిచే ఆ ప్రాచీన క్రతువు ఎప్పుడు ఆగిపోయిందో మిష్నాలో రాసి ఉంది. హంతకులు పెరిగిపోయినప్పుడు ఆగిపోయింది. హంతకుడెవరో తెలియదని చెప్పే అవకాశం ఉన్నంత వరకే ఆ క్రతువుకు అర్థం. అందరికీ తెలిసిన తర్వాత కూడా పెద్దలు లోయలో నిలబడి చేతులు కడుక్కుంటే, ఆ నీళ్ళకు శుభ్రం చేసే గుణం ఉండదు.